రాసినవాని పేరు ఆఖరున

"ఆ కార్డు దత్తే రాసిండు గదా?"

"అవు, దత్తే రాసిండు. నువ్వు పండుకో."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. సిద్దిపేట దవాఖానలో, పొద్దున తొమ్మిది గంటలప్పుడు. గ్లాసు కడుక్కొద్దామని నల్లా దగ్గరికి పోయాను. తిరిగి వచ్చేసరికి మనిషి లేడు, మంచం ఉంది.

కార్డు దత్తే రాశాడన్నది అబద్ధమని ముప్పై అయిదేళ్ళు నమ్మాను. కట్టుకున్నవాడికి ఆఖరి మాటగా అబద్ధం చెప్పి పంపానా అన్న దిగులు ఏడాది పాటు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. అది అబద్ధమో నిజమో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆమెను చూడడానికి బొంబాయి పక్కనున్న డోంబివలి పోయి వచ్చాను.

నాకు సంతకం వచ్చు, బస్సు మీద బోర్డు చదవడం వచ్చు. అంతకంటే రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు లావణ్య రాస్తోంది. నా మాటలను పుస్తకాల మాటలు చేస్తోంది, చెయ్యనీ. మనుషులు మాట్లాడిన చోట మాత్రం మాట మార్చొద్దని గట్టిగా చెప్పాను.

కార్డు సంగతి

బస్సు ఎక్కేముందు ఈ సంగతి చెప్పాలి. లేకపోతే నేను ఎందుకు పోయానో మీకు తెలియదు.

మా ఆయన రాజేశం సాలె ఇంట్లో పుట్టి ఫౌజులో చేరాడు. వైర్‌లెస్ మీద పని. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, అవతలివాడు ఏం చెబితే అది కాగితం మీద దించాలి. ఒక మాట ఎక్కువ కాకూడదు, ఒక మాట తక్కువ కాకూడదు. దించింది తిరిగి చదివి వినిపించాలి. అప్పుడే కబురు చేరినట్టు లెక్క. ఇంటికొచ్చినా అదే అలవాటు. "అర్ధకిలో ఉల్లిగడ్డ, పావుకిలో పచ్చిమిరపకాయ తే" అంటే, అదే మాట నాకు తిరిగి చెప్పి గానీ గడప దాటేవాడు కాదు.

ఆ రోజుల్లో సాయంత్రం ఏడు దాటాక రేడియోలో ఫౌజీల కోసం పాటలు వేసేవాళ్ళు. సరిహద్దుల్లో ఉన్న జవాన్లు కార్డు రాసి ఫలానా పాట కావాలని అడిగేవాళ్ళు. పాటకు ముందు వాళ్ళ పేర్లు చదివేవాళ్ళు. మేము ఎక్కువగా విన్నది నళిని అనే ఆమె గొంతు. ఆ గొంతు ఎట్లా ఉండేదంటే, వేడి పాల మీద మీగడ కట్టేటప్పుడు చప్పుడుంటే అట్లా ఉండేది. నాదేమో పుట్టుకతోనే బొంగురు గొంతు. అందుకే ఆమెను వినడమంటే నాకు ఆశ.

ఆ వేళకు మా వీధిలో మగ్గాలు ఆగేవి. పాటల కోసం కాదు, పేర్ల కోసం. మా అత్త రాట్నం ఆపి, చుడుతున్న నూలు కండె ఒళ్ళో పెట్టుకుని, చదివిన ప్రతి పేరుకూ "ఎవలు కన్న కొడుకో, సల్లగుండాలె" అనేది. తన కొడుకు పేరు ఎప్పుడు వస్తుందా అని చూసేది. ఆయన కార్డు రాసే రకం కాదు.

ఒక ఏడాది ఆయన ఉన్న కొండల మీద మంచు పడి దారులు మూసుకుపోయాయి. మూడు నెలలు ఉత్తరం లేదు. మా అత్త అన్నం మానేసింది. గంజి పోస్తే మూతి తిప్పేది. అప్పుడు నేనొక దొంగపని చేశాను. బడిలో హిందీ చెప్పే సారు దగ్గరికి పోయి, మా ఆయనే రాసినట్టు రేడియోకు కార్డు రాయించాను. "సిపాయి రాజేశం", ఒక్క పేరే. పాత ఉత్తరం మీదున్న ఫౌజు అడ్రసు కింద పెట్టించాను. సిద్దిపేట పోస్టు డబ్బాలో వేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చాను.

ఇరవై రోజులకు ఆ గొంతులో "సిపాయి రాజేశం" అని వచ్చింది. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు గుంటమగ్గంలోంచి లేచి వచ్చారు. రాట్నం పక్కకు ఒరిగింది. మా అత్త నా వీపు మీద ఒక్కటి చరిచి, "నీ నోరు పడ! ఇంకేమన్నదో ఇననియ్యవేందే!" అని తిట్టింది. అప్పటికే పాట మొదలైంది.

ఆ పూట మా అత్త అన్నం అడిగి పెట్టించుకుంది. నలభై రోజుల తర్వాత పోయింది. కొడుకు బతికే ఉన్నాడన్న నమ్మకంతో పోయింది.

ఎండాకాలం సెలవుకు వచ్చిన మా ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా అన్న మొదటి మాట: "రేడియోల నా పేరొచ్చింది, ఇన్నవా?" ఆయనతో ఒకే బంకర్లో దత్తాత్రేయ అని సతారా వైపు అబ్బాయి ఉండేవాడట. దత్తు అనేవాళ్ళు. నీ పేరు రేడియోలో చదివిస్తానని ఎప్పుడూ ఏడిపించేవాడట. మంచు విరిగి మీద పడి పోయాడు. అతను పోయిన నాలుగో రోజు సాయంత్రం పేర్లు వచ్చాయట.

"ముందు నా పేరు, ఎన్క దత్తు పేరు. వాడే రాసిండే. పోయేముందు రాసి పోయిండు."

 నేను పంపిన కార్డు మీద ఒక్క పేరే ఉంది. దోస్తు మీది బెంగతో రెండో పేరు ఈయనే కలుపుకున్నాడని అనుకున్నాను. ఆ కార్డు నాదని ఎట్లా చెప్పేది? అప్పటినుంచి ఏటా దత్తు పోయిన రోజున రెండు గ్లాసుల చాయ్ పెట్టించుకునేవాడు. ఒకటి తాగి, "గిది దత్తుది" అని రెండోది కూడా తనే తాగేవాడు. నేను చాయ్ పోసేదాన్ని, నోరు మూసుకునేదాన్ని.

బస్సు

మా మరిది కొడుకు శంకర్ ఇరవై ఏళ్ళుగా భివండిలో పవర్‌లూమ్ నడుపుతున్నాడు. నన్ను పెద్దమ్మా అంటాడు. మొన్న ఎండాకాలం ఫోనులో ఒక వీడియో పంపాడు. డోంబివలిలో ఏదో హాలు, ఒక ముసలామెకు శాలువా కప్పుతున్నారు. నేను బియ్యం చెరుగుతూ ముఖం కూడా చూడలేదు. "నమస్కార్" అన్న ఒక్క మాటకు చాట కింద పెట్టాను. ఆమే. శంకర్‌కు ఫోన్ చేసి, "ఆమె ఇల్లేడనో అర్సుకో బిడ్డా" అన్నాను. వారంలో కనుక్కున్నాడు.

సిద్దిపేట నుంచి భివండికి ప్రైవేటు బస్సు ఉంది, టికెట్టు పన్నెండు వందలు. ఒట్టి చేతులతో పోలేక గొల్లభామ చీర ఒకటి కొన్నాను. తలమీద చల్లకుండ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ కొంగంతా ఉంటుంది. మా ఊరి మగ్గం తప్ప ఇంకో ఊరి మగ్గం ఆ బొమ్మను అంత నిటారుగా నిలబెట్టలేదు. ఒక డబ్బా మురుకులు కూడా పెట్టుకున్నాను.

నా పక్క సీటులో దౌల్తాబాద్ ఆమె, మల్లవ్వ, కొడుకు దగ్గరికి పోతోంది. కాళ్ళ కింద పచ్చడి జాడీ, ఒళ్ళో బియ్యం మూట.

"నువ్వెవలి కాడికక్కా?" అంది.

"రేడియోల మాట్లాడినామెను సూడవోతున్న."

"ఆమె నీకేమైతది?"

"ఏం గాదు."

"ఏం గానామెకు చీర వట్టుకొని పన్నెండు నూర్లు వెట్టి పోతున్నవా? నా కోడలికి నేను గింత పచ్చడి దీస్కపోతుంటెనే పానం గుంజుతుంది!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. జహీరాబాద్ దాటాక ధాబాలో బస్సు ఆపితే జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టారు. మన దగ్గర రొట్టెను చేత్తో తట్టి పలుచగా చేస్తాం. అక్కడ మందంగా చేసి నిప్పు మీద పొంగిస్తారు. రొట్టె పాతిక రూపాయలు. మల్లవ్వ తన జాడీ మూత విప్పి నా రొట్టె మీద పచ్చడి వేసి, "కోడలికి తక్కువైతే నీ పేరు జెప్త" అంది.

భివండి

పొద్దున్నే దిగాం. దిగినచోటే ఒక కొట్టు మీద తెలుగులో బోర్డు చదివాను, అంబలి దొరుకుతుందని. ఇంత దూరం వచ్చి చదవగలిగిన బోర్డు చూస్తే ప్రాణం లేచి వచ్చింది.

శంకర్ వాళ్ళ గదిలో నలుగురు ఉంటారు. ఇద్దరు పనిలో ఉంటే ఇద్దరు పడుకుంటారు, చాప ఎప్పుడూ చల్లబడదు. నన్ను పక్కింటి కరీంనగర్ వాళ్ళ దగ్గర ఉంచాడు. మధ్యాహ్నం కార్ఖానా చూపించాడు. ఒక్క రేకుల షెడ్డులో ఇరవై నాలుగు మగ్గాలు, అన్నీ ఒకేసారి ఆడుతున్నాయి. నేల నా అరికాళ్ళలోకి ఎక్కి పళ్ళు కొట్టుకున్నాయి. మా మగ్గం ఆడితే మనిషి పక్కన కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఇక్కడ మనుషులు వేళ్ళతోనే మాట్లాడుకుంటారు. దారం తెగితే ఒక వేలు, నీళ్ళకు బొటనవేలు, సేటు వస్తున్నాడంటే మీసం దువ్వడం. మా అత్త రోజంతా చుట్టిన కండెలను ఆ మగ్గం ఒక్క గంటలో మింగుతుంది.

"గీడ రేడియో ఎట్లింటరు బిడ్డా?" అని బయటికొచ్చాక అడిగాను.

"రేడియోనా? నా చెవులు ఎప్పుడో పోయినయ్ పెద్దమ్మా. నువ్వు జర గట్టిగ మాట్లాడు" అని నవ్వాడు.

సాయంత్రం చాయ్ బండి దగ్గర ఒక చాయ్‌ను రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇచ్చారు. దాన్ని కటింగ్ అంటారట, ఇద్దరు దోస్తులు కలిసి ఒక చాయ్ తాగే పద్ధతట. గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మా ఆయన రెండు గ్లాసులు ఎందుకు పెట్టమనేవాడో నాకు అప్పుడు తెలిసింది. దత్తు నేర్పిన లెక్క అది.

కళ్యాణ్‌లో చెప్పు

మరునాడు షేర్ ఆటోలో కళ్యాణ్, అక్కడి నుంచి లోకల్ రైలు. అంతమంది ఆడవాళ్ళను ఒక్క పెట్టెలో నేను జాతరలో కూడా చూడలేదు. ఎక్కడం నేను ఎక్కలేదు, నన్ను ఎక్కించారు. నా ఎడమకాలి చెప్పు మాత్రం కళ్యాణ్‌లోనే ఉండిపోయింది. ఒకామె రైలులో కూరగాయలు తరుగుతోంది. ఇంటికి పోగానే పొయ్యి మీద వెయ్యడానికట. ఆ తోపులాటలో ఒక్క చిక్కుడుకాయ కింద పడలేదు. నేను ఒంటి చెప్పుతో ఆమె చేతులనే చూస్తుండిపోయాను.

డోంబివలిలో దిగాక రెండో చెప్పు కూడా విడిచేశాను. శంకర్ కొత్తవి కొనిస్తానన్నాడు. "ఆమెను సూసినంక కొనియ్యి. ఇంక ఆగలేను" అన్నాను.

మూడో అంతస్తు

లిఫ్టు లేని ఇల్లు. తలుపు తీసిన మనిషి నా భుజం దాకా వస్తుందేమో. తెల్లటి పలుచని జుట్టు, మెడ చుట్టూ మఫ్లర్, దగ్గు. ఈమె కాదేమో అనుకున్నాను. "ఆయియే బహెన్, అందర్ ఆయియే" అంది.

ముప్పై అయిదేళ్ళు వెనక్కి పోయి మా వీధిలో మగ్గాలన్నీ ఒకేసారి ఆగినట్టయింది నాకు. మనిషి ముసలిదైంది, గొంతుకు ఎవరూ ఆ సంగతి చెప్పలేదు. గడప దగ్గరే చేతులు జోడించాను.

ఆమె నా కాళ్ళు చూసి, "చెప్పులేవి?" అంది.

"ఒకటి కళ్యాణ్‌ల, ఒకటి స్టేషన్ల ఉన్నయి తాయీ" అన్నాను. తాయీ అంటే అక్కడ అక్క. ఆ దగ్గులోనే నవ్వింది. నాకు హిందీ నేర్పింది ఆ రేడియోనే, కాబట్టి మా ఇద్దరి మధ్య శంకర్‌తో పని పడలేదు. ఆమె మాటలను నాకు అర్థమైన తెలుగులో చెబుతున్నాను.

అటుకుల ఉప్మా పెట్టింది, పైన పచ్చికొబ్బరి. మురుకుల డబ్బా తెరిస్తే రైలు దెబ్బకు అంతా పొడి. ఆమె చెంచా తెచ్చుకుని ఆ పొడిని తిన్నది. నేను కార్డు సంగతి మొత్తం చెప్పాను, దవాఖానలో అన్న ఆఖరి మాట దాకా. చెప్పి అడిగాను: "నా కార్డే గదా తాయీ నువ్వు చదివింది?"

"సిపాయి రాజేశం అన్న పేరు నాకు గుర్తులేదు బహెన్. నీకు అబద్ధం చెప్పను. రోజుకు సంచి నిండా కార్డులు వచ్చేవి, ఒక్కోదానికి వంతు రావడానికి నెలలు పట్టేది. నీ కార్డు ఎక్కడ వేశావు?"

"సిద్దిపేట పోస్టు డబ్బాల."

"అయితే నేను చదవలేదు."

అంత గట్టిగా ఎట్లా చెబుతున్నావని అడిగాను. ఫౌజు నుంచి వచ్చే కార్డు మీద ఫౌజు పోస్టు ముద్ర ఉంటుందట, ఊరి పేరు ఉండదట. ఇళ్ళ నుంచి వచ్చేవాటి మీద ఊరి ముద్ర ఉంటుంది. నాలాంటి దొంగలు దేశమంతా ఉన్నారట. పెళ్ళాలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు జవాను పేరుతో తామే రాసి పంపేవారట.

"మొదటి ఏడాది జాలిపడి ఒకటి చదివాను. ఆ పిల్లవాడు అప్పటికే పోయాడు. ఇంటికి తంతి అందిన రోజే నా గొంతులో వాడి పేరు వెళ్ళింది. వాడి తండ్రి నాకు ఉత్తరం రాశాడు. తంతి నిజమా, నువ్వు నిజమా అని అడిగాడు. ఆ తర్వాత ముద్ర చూడకుండా ఒక్క కార్డూ చదవలేదు. ఊరి ముద్ర ఉంటే పక్కన పెట్టేదాన్ని. ముప్పై ఏళ్ళు."

కాసేపు దగ్గి, మళ్ళీ అడిగింది. "నీ భర్త ఏం విన్నానన్నాడు? సరిగ్గా చెప్పు."

"ముందు ఆయన పేరు, ఎన్క దత్తు పేరు."

"అయితే దత్తు రాశాడు. ఒక్కో కార్డు మీద నలుగురైదుగురి పేర్లుండేవి. రాసినవాడు తన పేరు ఆఖరున పెట్టుకునేవాడు. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, అందరూ అట్లాగే రాసేవారు. నేను కార్డు మీద ఉన్న వరుసలోనే చదివేదాన్ని."

ఉప్మా పళ్ళెం కింద పెట్టాను. విన్నది విన్నట్టు దించడమే పనిగా బతికిన మనిషి ఆయన. ఉల్లిగడ్డల బరువు కూడా తిరిగి చెప్పినవాడు. ఆ చెవిని నేను ముప్పై అయిదేళ్ళు నమ్మలేదు. ఆ రోజు నేను కేక పెట్టకుండా ఉంటే, రెండో పేరు నేనే వినేదాన్ని. మా అత్త ఊరికే కొట్టలేదు.

"దత్తు ఎప్పుడు పోయాడు?" అంది ఆమె.

"పేర్లొచ్చిన నాటికి నాలుగు రోజులు."

ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అంటే ఫౌజు ముద్ర చూసి కూడా పోయినవాడి పేరు చదివాను" అంది.

"తప్పు గాదు తాయీ" అన్నాను.  "దత్తును మంచుల నుంచి తీసినంక నాలుగు దినాలు మా ఆయన మెతుకు ముట్టలేదట. నీ నోట వాని పేరిన్నంకనే తిన్నడట. ఈడ మా అత్త తిన్నది, ఆడ ఆయన తిన్నడు. ఒక్క సాయంత్రం నువ్వు రెండిండ్ల అన్నం తినిపిచ్చినవ్."

 తెచ్చిన చీర ఆమె చేతిలో పెట్టాను. కొంగు విప్పి బొమ్మను వేలితో నిమిరింది. ఇక ఒకటే అడగడం మిగిలింది. ఆ పేర్లు ఒక్కసారి మళ్ళీ చదువుతావా అన్నాను.

"కాగితం లేనిదే నేను చదవను" అంది. శంకర్ బస్సు టికెట్టు వెనకాల హిందీలో రెండు పేర్లు రాశాడు. ఆమె మఫ్లర్ తీసింది. ఒక గుక్క నీళ్ళు తాగింది. కుర్చీ అంచుకు జరిగి వీపు నిటారుగా పెట్టింది. ఎదురుగా లేని మైకును చూస్తున్నట్టు తల కొంచెం వంచింది. దగ్గు ఎక్కడికి పోయిందో తెలియదు.

"సిపాయి రాజేశం... ఔర్ సిపాయి దత్తాత్రేయ."

ఈసారి నేను అరవలేదు. రెండు పేర్లూ విన్నాను.

కిందికి దిగబోతుంటే ఆమె తన చెప్పులు నా ముందు పెట్టింది. వేళ్ళు బయటికి వచ్చాయి, మడమ సగం గాలిలో ఉంది. అయినా వాటితోనే సిద్దిపేట దాకా వచ్చాను.

ఇల్లు

బొంబాయి దాకా పోయి సముద్రం చూడలేదా అని మా వీధిలో అందరూ అడిగారు. చూడలేదు. నేను చూడాల్సింది మూడో అంతస్తులో ఉంది.

వచ్చిన సాయంత్రం రెండు గ్లాసుల చాయ్ పెట్టాను. ఒకటి ఆయనది, ఒకటి దత్తుది. రెండూ నేనే తాగాను. ఫోటో ముందు కూర్చుని, "దత్తే రాసిండు" అని ఇంకోసారి చెప్పాను. అదే మాట. ఈసారి తెలిసి చెప్పాను.

ఇంతేనే లావణ్యా. కలం కింద పెట్టకు, ఇంకొక్కటుంది. ఆఖరున నీ పేరు రాయి.

నా పేరెందుకత్తా, చెప్పింది నువ్వు గదా అంటోంది. రాసినోళ్ళ పేరు ఆఖరున ఉండాలె బిడ్డా, గంతే. పెట్టినవా? ఇగ మొదటి నుంచి సదువు. తిరిగి సదివితేనే కబురు చేరినట్టు. మెల్లగ సదువు, నేను నడుమల మాట్లాడ.

— లావణ్య